తమ్ముడి చెరువు మీద తెల్ల పిట్టలు

గల్ పక్షిని గుర్తుపట్టడం లాంటి దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. చాలా ఏళ్లుగా పిట్టల్ని చూస్తున్నాను. పాలకొల్లులో పిల్లలకి జీవశాస్త్రం చెబుతూ బతుకుతున్నాను. అయినా ఇప్పటికీ ఒక గల్ ఎదురుగా వచ్చి వాలితే నాకు ఒళ్లు మండుతుంది. మిగతా పిట్టలకి ఒక మర్యాద ఉంటుంది. లకుముకిపిట్ట లకుముకిపిట్టలాగే ఉంటుంది. పాలపిట్ట రెక్క విప్పిందంటే ఆ నీలం చూసి ఒకటో తరగతి పిల్లలు కూడా పేరు చెప్పేస్తారు. గల్ అలా కాదు. పుట్టిన ఏడాది ఒక రంగు, మరుసటి ఏడాది ఇంకో రంగు, చలికాలం ఒక తల, వేసవిలో ఒక తల. పెద్ద రకాలైతే నాలుగేళ్లు గడిస్తే గానీ అసలు రూపమే తేలదు.

మా తీరానికి చలికాలంలో వచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి గోధుమ తల గల్, రెండోది నల్ల తల గల్. పేర్లు వింటే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. తీరా మన దగ్గరకి వచ్చేసరికి దానికి గోధుమ తలా ఉండదు, దీనికి నల్ల తలా ఉండదు. రెండింటికీ తెల్ల తలే, చెవి దగ్గర ఇంత సిరామరక. ఆ తలరంగులన్నీ గుడ్లు పెట్టే చోట, ఎక్కడో హిమాలయాల అవతలి సరస్సుల దగ్గర పెట్టుకుని, ఇక్కడికి మాత్రం వదిలేసి వస్తాయి. ఇక మనం కన్ను తెల్లగా ఉందా నల్లగా ఉందా, రెక్క కొసన ఉన్న నలుపులో తెల్ల చుక్కలున్నాయా లేవా అని బైనాక్యులర్స్ పట్టుకుని మెడలు పడిపోయేలా చూడాలి. అదన్నా తిన్నగా ఉంటుందా? ఉండదు.

నేను వాటిని నేర్చుకున్నది కాకినాడ చేపల రేవులో. పిట్టలు చూసే స్నేహితులు కొందరు ఆదివారాలు అక్కడ చేరేవాళ్లు, నేను తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లేదాన్ని. బోట్ల మీంచి పారేసిన చేపపేగుల కోసం గల్స్ ఒకదాని నోట్లోంచి ఒకటి లాక్కుంటూ అరుస్తుంటే, ఆ కంపులో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేదాన్ని. చచ్చిన కుక్కనీ వదలవు, పారేసిన ఇడ్లీనీ వదలవు. ఛీ అనుకుంటూనే చూసేదాన్ని. ఎందుకంటే ఏదో బోటు హారన్ కొడితే అవన్నీ ఒక్కసారి లేచేవి, ఎండ పడి ఆ రెక్కలన్నీ ఒకేసారి తిరిగేవి, ఆ క్షణం మాత్రం ఆ కంపు మర్చిపోయేదాన్ని. మళ్లీ దిగి పేగుల మీద పడేవి. నాకు వాటి మీద ఉన్న అభిప్రాయం అప్పటినుంచీ అలా రెండు ముక్కలుగానే ఉంది. మా తమ్ముడి చెరువు సంగతి జరిగాక ఛీ అనే ముక్కే ఎక్కువైంది.

సముద్రపు కాకి అని వీటి పేరు పుస్తకాల్లో రాస్తారు. మా వైపు ఎవరూ అలా అనగా నేను వినలేదు. తెల్లగా ఉండి నీళ్ల మీద ఎగిరే ప్రతిదీ మా వాళ్లకి తెల్ల పిట్టే.

మా తమ్ముడి రొయ్యల చెరువు మొగల్తూరు దాటాక, సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉంది. ఒకప్పుడు మా నాన్న వరి పండించిన చేనే అది. చుట్టుపక్కల అందరూ చేలు తవ్వి చెరువులు చేసేశారు. ఆ ఉప్పునీళ్ల మధ్యలో మా ఒక్క చేను వరికి పనికిరాకుండా పోయింది, వాడూ తవ్వేశాడు. నేను పెళ్లి చేసుకోలేదు, ఎందుకన్నది ఇక్కడ అనవసరం. అమ్మానాన్న పోయాక నాకంటూ మిగిలింది వాడే. వాడికి అన్నం కలిపి పెట్టింది నేను, లెక్కలు రాకపోతే తొడపాశం పెట్టింది నేను. ఆదివారం పూట కాకినాడ వెళ్లకపోతే వాడి చెరువు దగ్గరికి వెళ్లేదాన్ని. నరసాపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. మరదలు వేడిగా ఏదో ఒకటి చేసి గట్టు మీదికే తెచ్చి పెట్టేది.

చెరువు మీద పిట్టలు దిగకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సన్నని నైలాన్ దారాలు కడతారు. అందరూ కడతారు, వాడూ కట్టాడు. ఆ దారాల్లో రెక్క చిక్కుకుని పిట్టలు వేలాడుతూ చస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను గట్టు మీదే పెద్ద గొడవ పెట్టుకున్నాను. రెండు పంటలు వరసగా పోయినవాడి దగ్గర పిట్టల ప్రాణాల గురించి మాట్లాడటానికి నాకు నోరెలా వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను గానీ, అప్పుడు వచ్చింది. వాడు దారాలు తీయనన్నాడు. నేను ఊరుకోనన్నాను. చివరికి ఆదివారం ఆదివారం నేనే వచ్చి చిక్కుకున్నవాటిని విడిపించేటట్టు ఒప్పందం కుదిరింది. అప్పటినుంచీ నా చేతిసంచిలో గొడుగుతో పాటు ఒక కత్తెర.

ఒకసారి అలా ఒక గల్‌ని విడిపిస్తున్నాను. దాని రెక్కకి నాలుగు చుట్లు తిరిగిన దారాన్ని ఒక్కొక్కటే కోస్తున్నాను. ఆఖరి చుట్టు తెగేలోగా అది నా బొటనవేలు పట్టుకుని చీరేసి ఎగిరిపోయింది. వేలు చూసుకుంటూ దాని వంశాన్నంతా తిట్టాను. మా తమ్ముడు గట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. పసుపు అద్ది గుడ్డ కడుతూ కూడా నవ్వాడు. ‘ఇంతకీ ఏ రకమో చూశావా అక్కా, లేకపోతే కరిపించుకున్నది దండగేనా?’ అన్నాడు. కన్ను తెల్లగా ఉంది, గోధుమ తలది అని చెప్పాను. తలెక్కడ గోధుమరంగుగా ఉందని మళ్లీ నవ్వాడు. వాడు అంతలా నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

పిట్టలంటే రొయ్యల రైతుకి భయం ఎందుకో చెప్పాలి. వైట్ స్పాట్ అని ఒక జబ్బు ఉంది. చలి ముదిరాక ఎక్కువగా వస్తుంది. రొయ్య పెంకు మీద తెల్ల మచ్చలు పడతాయి, మేత మానేస్తుంది, నీరసించి గట్టు అంచులకీ నీళ్ల పైకీ వచ్చేస్తుంది. మనిషి కంటే ముందు దాన్ని గల్ చూస్తుంది. అందుకని ఒక చెరువు మీద గల్స్ గుంపు దిగి లేవకుండా తిరుగుతోందంటే ఆ చెరువు పని అయిపోయినట్టే. రొయ్యలు కొనేవాళ్లు ఆ రోడ్డు మీద వెళ్తూ ముందు నీళ్ల వంక చూడరు, ఆకాశం వంక చూస్తారు. జబ్బు చేసిన చెరువు రైతు ఒక్కోసారి పొద్దస్తమానం టపాకాయలు కాల్పిస్తూ కూర్చుంటాడు, పిట్టలు కనపడకపోతే జబ్బూ కనపడదని.

పిట్టలు జబ్బుని మోసుకొస్తాయని కూడా మా వాళ్ల నమ్మకం. నేను ఒప్పుకునేదాన్ని కాదు. జబ్బు నీళ్లలో వస్తుంది, సీడని కొని చెరువులో వదిలే రొయ్య పిల్లల్లో వస్తుంది, పిట్ట దాని వెనకాల వస్తుందని పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. ‘నీళ్లకి రెక్కలుంటాయేంటక్కా, ఒక చెరువులోంచి లేచి ఇంకో చెరువులో పడటానికి?’ అనేవాడు మా తమ్ముడు. మోటార్లు ఉన్నాయిగా అనేదాన్ని నేను. ఈ తగువు మా మధ్య ఎప్పుడూ తేలలేదు.

నీళ్ల మీద తిరిగే తెల్ల పిట్టలన్నీ గల్స్ కావు. టెర్న్‌లని ఇంకో జాతి ఉంది. సన్నగా ఉంటాయి, తోక కాస్త చీలి ఉంటుంది, నీటిని ముక్కుతో ముట్టీ ముట్టనట్టు తాకి పురుగుల్నీ చిన్న చేపల్నీ ఏరుకుంటాయి. వాటిని చూసి కంగారు పడక్కర్లేదు. మా తమ్ముడి పక్క చెరువు ఒక పెద్దాయనది. చుట్టం కాకపోయినా చిన్నప్పటినుంచీ బాబాయ్ అని పిలుస్తాం. ఒక చలికాలం ఆయన చెరువు మీద టెర్న్‌లు దిగితే ఆయన గల్స్ అనుకుని, ఉన్నపళంగా రొయ్యలు పట్టించేద్దామని మనుషుల్ని కూడా పిలిపించాడు. ఆ రోజు నేను అక్కడే ఉండి బైనాక్యులర్స్‌లోంచి చూసి, ఇవి గల్స్ కావు బాబాయ్, భయం లేదన్నాను. ఆయన నా మాట మీద ఆగాడు. ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది.

ఇక అప్పటినుంచీ చుట్టుపక్కల చెరువుల వాళ్లకి నేను పిట్టల టీచరమ్మని అయిపోయాను. ఆకాశంలో తెల్లగా ఏది కనపడ్డా ఫోనులో ఫొటో తీసి పంపడం, గల్సాండి, లేక టెర్న్‌లని మీరు చెప్పే ఆ రెండో రకమాండి అని అడగటం. అందులో పిట్ట ఆవగింజంత ఉండేది. స్టాఫ్ రూములో కూర్చుని ఆ ఆవగింజల్ని పెద్దవి చేసి చూసి జవాబు రాసేదాన్ని. తెలియకపోతే తెలియదని రాసేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండేది. జన్మలో మొదటిసారి నా పిచ్చి ఒకరికి అక్కరకొచ్చింది.

వరసగా రెండు పోయాక వాడు వేసిన మూడో పంట ఆ ఏడాదిది. అది కూడా పోతే అప్పుల కింద చెరువు చేయి మారుతుంది. నాన్న చేను ఇంకొకరి పాలవుతుంది. ఈ సంగతి వాడు నాతో అనలేదు, మరదలు చెప్పింది.

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆటోలోంచే నాకు చెరువుల మీద తెల్లగా కదలడం కనిపించింది. నిజం చెబుతున్నాను, నా మొదటి భావం సంతోషం. అన్ని గల్స్ అంత దగ్గరగా, రేవు కంపు లేకుండా! ఆటో ఆపించి దిగేలోపే సంచిలోంచి బైనాక్యులర్స్ తీశాను. వాటిలో పిల్లలున్నాయా, రెండు రకాలూ ఉన్నాయా అని చూస్తూ నాలుగడుగులు వేశాను. అప్పుడు గానీ అవి ఎవరి చెరువు మీద తిరుగుతున్నాయో బుర్రకెక్కలేదు.

మా తమ్ముడు గట్టు చివర నీళ్ల వంక తిరిగి నిలబడి ఉన్నాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే వాడి కాళ్ల దగ్గర ఉంది. నన్ను చూసి ఎప్పుడొచ్చావని కూడా అడగలేదు.

‘అక్కా, అవేంటి?’ అన్నాడు.

వాడు ఏనాడూ నన్ను ఒక పిట్ట పేరు అలా అడగలేదు. ఎగతాళికి తప్ప. వాడికి తెలుసునని నాకు తెలుసు. అయినా బైనాక్యులర్స్ ఎత్తి చూశాను. ఒక గల్ గట్టు అంచున నీళ్లలోకి తల పెట్టి తీసింది. ముక్కున రొయ్య. బతికే ఉంది, కానీ కొట్టుకోవడం లేదు.

‘గల్స్‌రా,’ అన్నాను.

‘సరిగ్గా చూడు. నువ్వు చెప్పే ఆ రెండో రకమేమో.’

కాదన్నాను. వాడు వంగి ట్రేలోంచి ఒక రొయ్యని తీసి గోటితో పెంకు గీకాడు. వెలుతురుకి ఎత్తి చూసి నా చేతిలో పెట్టాడు. సున్నం చిలికినట్టు మచ్చలు. మేత ముందు రోజునుంచే తగ్గిందట. రొయ్యలు కొనే ఏజెంటుకి రాత్రే కబురు పెట్టాడట, సోమవారం పొద్దున్నే వస్తానన్నాడట. ఈ ఒక్క పగలు గడిస్తే, ఎదిగినంత బరువుకే రొయ్యలు పట్టేసి ఎంతో కొంతకి బయటపడొచ్చని వాడి ఆశ. జబ్బని బయటికి తెలిస్తే మాత్రం ఏజెంటు రాడు, వచ్చినా అడిగే ధర ధర కాదు.

మరదలు గబగబా గట్టు మీదికొచ్చింది. దారిలోనే ఏడ్చి మొహం కడుక్కుని వచ్చినట్టుంది. నా చెయ్యి పట్టుకుని, ‘వదినగారూ, బాబాయిగారొచ్చి అడిగితే అవి మంచి పిట్టలేనని చెప్పండి. రేప్పొద్దుటిదాకా చాలు. మీరు చెప్తే ఊరంతా నమ్ముతుంది,’ అంది.

మా తమ్ముడు నా వంక చూశాడు. అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎంతోసేపు పట్టలేదు. బాబాయ్ తలకి తువ్వాలు చుట్టుకుని రెండు చెరువులకీ మధ్యనున్న గట్టు మీదుగా వచ్చాడు. ఆ రెండింటికీ నీళ్లు ఒకే బోదె కాలువలోంచి వస్తాయి. ఆ రోజు ఆయన తన చెరువులోకి కొత్త నీళ్లు పెట్టుకునే రోజు, మోటారు సిద్ధం చేసుకుని ఉన్నాడు. మా తమ్ముడి చెరువు నీళ్లు తూము దగ్గర సన్నగా ఆ బోదెలోకే ఊరుతుంటాయి. ఆయన పిట్టల వంక చూశాడు, వాడి వంక చూడలేదు. నన్ను చూడగానే మొహం కాస్త తేటపడింది.

‘నువ్వున్నావు, నయం. ఏం పిట్టలమ్మా అవి?’ అన్నాడు.

నేనేదో సత్యసంధురాలినని కాదు. సెలవు కావాలంటే నేను తెచ్చుకున్న జ్వరాలు, చంపేసిన దూరపు చుట్టాలు మా హెడ్మాస్టరుగారికి తెలియకపోయినా నాకు తెలుసు. టెర్న్‌లు బాబాయ్ అంటే సరిపోయేది. ఎంత, ఒక మాట. కానీ ఆయన ఊరికే అడగడం లేదు, నా మాట మీద ఒకసారి నిలబడి గట్టెక్కిన నమ్మకం కొద్దీ అడుగుతున్నాడు. నేను అనగానే వెళ్లి మోటారు స్విచ్చి వేస్తాడు. పక్కన మా తమ్ముడు నీళ్ల వంక చూస్తున్నాడు, మరదలు నా చెయ్యి ఇంకా వదల్లేదు.

‘గల్స్ బాబాయ్. రొయ్యల్నే తింటున్నాయి. మీరు మోటారు వెయ్యకండి,’ అన్నాను.

మరదలు నా చెయ్యి వదిలేసింది.

బాబాయ్ తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తన మనుషుల్ని కేకేస్తూ వెనక్కి తిరిగాడు. తూము మూయమన్నాడు, బోదెలో అడ్డకట్ట వెయ్యమన్నాడు. నేను మా తమ్ముడి మొహం చూడలేక బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకున్నాను. ఎదురుగా ఒక గల్ లేచింది. రెక్క కొసల నలుపులో రెండు తెల్ల చుక్కలు, తెల్లటి కన్ను. గోధుమ తలది, పెద్దది, సందేహమే లేదు. ఇన్నేళ్లలో ఒక గల్‌ని అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. దాని నోట్లో రొయ్య ఉంది. వెనకాల ఇంకోటి తరుముకొచ్చింది, రేవులో చేపపేగుల కోసం తరుముకున్నట్టే. మొదటిది మెలికలు తిరుగుతూ మధ్య గట్టు దాటింది. రెండోది మీద పడింది. రొయ్య జారింది.

అది బాబాయ్ చెరువు మధ్యలో పడింది. నీళ్ల మీద చిన్న వలయం లేచి, చెదిరిపోయింది.

కేకేసి చెప్పాను. ఆయన గబగబా వచ్చి ఎక్కడమ్మా అన్నాడు. చెయ్యి చాపి చూపించాను. ఎకరాల కొద్దీ నీళ్లు. ఎక్కడని చూస్తాడు? అయినా చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు ఏజెంటు రాలేదు. ఇంకెవరో వచ్చి, చెరువు ఖాళీ చేసిపెట్టడమే తాము చేసే మేలన్నట్టు మాట్లాడి రొయ్యలు పట్టుకుపోయారట. అదంతా మరదలు తర్వాత చెప్పింది. ఆ ఆదివారం మా తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ‘నువ్వెళ్లక్కా, బస్సు టైమయింది,’ అన్నాడు అంతే. ఆటో ఎక్కేదాకా కూడా రాలేదు.

పక్షం తిరక్కుండానే బాబాయ్ చెరువు మీదా గల్స్ దిగాయి. ఆ ఒక్క రొయ్య వల్లే ఆయన పంట పోయిందా అంటే చెప్పలేను. అప్పటికే నీళ్లలో వచ్చేసి ఉండొచ్చు. గట్ల మీద పీతలు అటూ ఇటూ పాకుతూనే ఉంటాయి. కానీ పిట్టలు మోసుకురావని అంతకాలం వాదించినదాన్ని నేను, మోసుకెళ్లి పడేయడం కళ్లారా చూసినదాన్నీ నేనే. నా నిజం మా తమ్ముణ్ని ముంచింది, బాబాయ్‌ని తేల్చలేదు. ఆయన మాత్రం ఎక్కడ కనపడ్డా, నువ్వు చెప్పావమ్మా, నువ్వు చెప్పావు, అంటాడు. ఆ మాట వింటే నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

చెరువు చేయి మారింది. భీమవరం నుంచి ఒకాయన వచ్చి ఆ రెండు చెరువులూ, పక్కనున్న ఇంకొన్నీ కలిపి తీసుకున్నాడు. మా తమ్ముడు ఆయన దగ్గర కాపలాకి కుదిరాడు. పిట్టల్ని తోలే పని. ఇది మరదలు ఫోనులో చెప్పి, ఇంటికి దగ్గరే కదండీ వదినగారూ అంది. మా తమ్ముడు మాత్రం ఫోను తీయడం మానేశాడు. ఆ చలికాలం మిగిలిన ఆదివారాలు నేను కాకినాడ కూడా వెళ్లలేదు. గల్స్ తిరిగి వెళ్లిపోయేముందు తలలు గోధుమరంగు తిరుగుతాయి, ఏడాదిలో ఆ కొద్ది రోజులే వాటిని చూసి పేరు చెప్పడం తేలిక. స్నేహితులు రమ్మని ఫొటోలు పంపారు. ఇక్కడ తినాల్సినవి తిని, అక్కడ అందంగా తయారవడానికి పోతున్నాయనిపించింది. ఫొటోలు తెరవలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. మా తమ్ముడు.

‘అక్కా, పిట్టలు దిగాయి. ఒకసారి రాగలవా?’

ఏ చీర కట్టుకున్నానో, ఏ బస్సెక్కానో గుర్తు లేదు. వెళ్లేసరికి వాడు గట్టు మీద ఉన్నాడు. అదే గట్టు, వెడల్పు చేసి మట్టి పోశారు. తలకి మంకీ క్యాప్, చేతిలో రేకు డబ్బా, కర్ర. చిక్కిపోయాడు. స్తంభం మీద కెమెరా ఒకటి పెట్టారు, వాడు మాట్లాడుతున్నంతసేపూ దాని వంక చూస్తూనే ఉన్నాడు. సారు పట్నంలో ఉంటాడట. పిట్టలు దిగితే వెంటనే ఫోను చెయ్యాలట. ఊరికే చేసి కంగారు పెడితే తిడతాడట, చెయ్యకపోతే పని పోద్దట. ఇంతకుముందు చేసినవాడు అలాగే పని పోగొట్టుకున్నాడట. ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. అన్నం తిన్నావా అని నేను అడగబోయి అడగలేదు.

బైనాక్యులర్స్ ఎత్తాను. సన్నటి రెక్కలు, చీలిన తోక. ముక్కుతో నీటిని తాకి లేచిపోతున్నాయి. టెర్న్‌లు. ఒక్కొక్కదాన్నీ వదలకుండా చూశాను, ముక్కుల్లో రొయ్య ఎక్కడా లేదు. దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకునేలోగా, దూరంగా, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ తిరగకుండా ఆగి ఉంటే దాని మీద ఒకటి కనిపించింది. లావుగా, ముడుచుకుని కూర్చుంది. తెల్లటి కన్ను. గోధుమ తలది.

‘టెర్న్‌లేరా. పురుగుల కోసం వచ్చాయి. ఒక్కటి మాత్రం గల్, అదిగో ఆ ఏరేటర్ మీద. ఊరికే కూర్చుంది, తినడం లేదు,’ అన్నాను.

‘ఒక్కటేనా?’

ఒక్కటేనన్నాను. వాడు అటూ ఇటూ చూసి, మళ్లీ నా వంక చూశాడు. ఏడాది తర్వాత వాడు నా మొహం చూడటం అదే. నన్ను నమ్మడం లేదేమోనని కంగారొచ్చి, ‘నీ మీద ఒట్టురా,’ అన్నాను.

‘ఒట్టెందుకులే అక్కా. నువ్వు చెప్తే నమ్మొచ్చు,’ అన్నాడు. ‘నా కోసం కూడా అబద్ధం ఆడలేదు కదా.’

ఎత్తిపొడుపు లేదు వాడి గొంతులో. ఉన్న మాట అన్నట్టే అన్నాడు. డబ్బా కింద పెట్టి, మంకీ క్యాప్ చెవి మీదనుంచి పైకి జరుపుకుని సారుకి ఫోను చేశాడు. టెర్న్‌లేనండి, గల్ ఒక్కటేనండి, మా అక్క చూసిందండి అని, అటువైపు ఆయన ఏమంటున్నాడో గానీ, ఆయ్, ఆయ్ అంటూ నాన్న చేనిగట్టు మీద వంగి నిలబడ్డాడు. నేను ఆ ఒక్క గల్ వంకే చూస్తూ ఉండిపోయాను.